పత్తి కాటా మీద ఉరుకుందమ్మ

ఎన్నో నెల?

ఉద్యోగంలో చేరిన రోజు నా బరువు నలభై ఎనిమిది కిలోలు. రిటైరైన రోజు డెబ్బై తొమ్మిది. ఈ రెండు రోజుల మధ్య ముప్పై మూడేళ్ళు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు బరువు ఎలా అదుపులో పెట్టుకోవాలో చెప్పి జీతం తీసుకున్నాను. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోండి, తర్వాత వినాల్సిన సంగతులు ఉన్నాయి.

నేను పనిచేసింది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో. ఊరి పేరు రాయను. రాస్తే ఊళ్ళో సగం మంది "మా గురించి ఎందుకు రాసినావు" అని వస్తారు, మిగతా సగం "మా గురించి ఎందుకు రాయలేదు" అని వస్తారు. ప్రమోషన్లు, బదిలీలు, రిజిస్టర్ల సంగతి కూడా రాయను. వాటి గురించి నాకే నిద్ర వస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలకు పుస్తకాల్లో దొరకని నాలుగు మాటలు చెప్పాలని కూర్చున్నాను.

నేను చేరిన కొత్తలో కడుపుతో వచ్చే ఆడవాళ్ళంతా ఎండిపోయి ఉండేవాళ్ళు. రక్తం లేదు, బలం లేదు, తినమ్మా తినమ్మా అని బతిమాలడమే మా పని. చివరి పదేళ్ళలో కథ మారింది. పరోటా బండ్లు, ప్యాకెట్ చిప్సు, కూల్‌డ్రింకులు పల్లెలకు మాకంటే ముందే చేరాయి. పత్తి ఏరేటప్పుడు దినమంతా వంగి లేచే ఆడవాళ్ళు, సీజను అయిపోతే ఇంట్లో కూర్చుంటారు. ఎనభై, తొంభై కిలోలతో వచ్చే గర్భిణులు మొదలయ్యారు. చిత్రమేమిటంటే వాళ్ళలో చాలామందికి రక్తం మాత్రం పాత రోజుల్లో లాగే తక్కువ. ఒళ్ళు ఉన్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదని నాకు అర్థం కావడానికే కొన్నేళ్ళు పట్టింది.

ఒకసారి సి.బెళగల్ వైపు ఒక పల్లెలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. నడవాలి, నూనె తగ్గించాలి, తీపి తగ్గించాలి అని ఊగిపోతూ చెప్పాను. ముందు వరుసలో ఒక ముసలామె బుగ్గన చెయ్యి పెట్టుకుని అంతా విన్నది. నేను నీళ్ళు తాగడానికి ఆగగానే అడిగింది.

"అంతా బాగానే సెప్పినావు గానీ సిస్టరమ్మా, నీకిప్పుడు ఎన్నో నెల?"

అప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజంతా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ నవ్వు తర్వాత వాళ్ళు అడిగినన్ని ప్రశ్నలు అంతకు ముందెప్పుడూ అడగలేదని గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఏ ఊరు పోయినా ముందు ఈ ముచ్చటే చెప్పేదాన్ని. లావుగా ఉన్న మనిషికి ఆ సంగతి ఊరంతా రోజూ చెబుతూనే ఉంటుంది. నర్సు కూడా అదే చెబితే ఇక ఆమె ఎవరి దగ్గరికి పోవాలి? ఇంత తెలిసిన మనిషినే, ఉరుకుందమ్మ దగ్గర మాత్రం తప్పు చేశాను.

గట్టిగా చదివిన అంకె

మా దగ్గర సోమవారం గర్భిణుల పరీక్షలు. బరువు చూసే మిషను వాకిలి పక్కన ఉండేది. రిజిస్టరు పెట్టే బల్ల గది అవతలి మూల ఉండేది. మిషను దగ్గర నిలబడి నేను అంకె చదవాలి, బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి రాసుకోవాలి. మధ్యలో నలభై మంది ఆడవాళ్ళు, వాళ్ళ అత్తలు, పిల్లలు. కాబట్టి నేను అరిచేదాన్ని. నా గొంతు రోడ్డు అవతల టీ బంకు దాకా వినపడేదని టీ బంకు ఆయనే చెప్పాడు. ఏళ్ళ తరబడి ఇలాగే జరిగింది. ఇందులో తప్పేమిటని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఉరుకుందమ్మకు పెళ్ళై ఏడేళ్ళు. రెండుసార్లు కడుపు నిలిచి మూడో నెలలోనే పోయింది. ఇది మూడోది. నాలుగో నెల దాటింది. అత్త తిక్కమ్మ చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు ఎక్కించి తీసుకొచ్చింది. అమ్మాయి చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని మిషను ఎక్కింది.

"తొంభై మూడూ!" అని అరిచాను.

గది మొత్తం ఇటు తిరిగింది. వెనక నుంచి ఎవరో, "యబ్బా, రెండు సిమెంటు మూటలు" అన్నారు. నవ్వులు. ఉరుకుందమ్మ మిషను దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయింది. తిక్కమ్మ మాత్రం ఊరికే పోలేదు.

"ఏడేండ్లకు కడుపు నిలబడిందని సంబరపడతాంటే నలుగురిలో కేకలేసి దిష్టి పెడతావా? నీ నోరు పడ!"

కోడలి చెప్పులు చేత్తో పట్టుకుని తానూ పోయింది. ఆ సాయంత్రం వాళ్ళ వాకిట్లో మిరపకాయలు, ఉప్పు దిగదీసి నిప్పుల్లో వేశారట. ఘాటుకు వీధంతా దగ్గిందని మర్నాడు ఆశా కార్యకర్త చెప్పింది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని లెక్క. వచ్చింది కాబట్టి నా కన్ను మామూలుదేనని తేలింది. అంతవరకు నయం.

తర్వాతి నెల వాళ్ళు రాలేదు. ఇంకో రెండు సోమవారాలు చూశాను. రాలేదు.

మా డాక్టరు గారు గుంటూరు వైపు కుర్రాడు. నా కొడుకు వయసు. విషయం విని పెన్ను మూత పెట్టాడు.

"సిస్టర్ గారూ, తను లావుగా ఉన్నానని ఆవిడకు తెలియదా?"

"తెలుసు సార్."

"మరి తెలిసినదే అరిచి చెప్పి, తెలియాల్సినవి చెప్పకుండా పంపేశాం. ఇంత బరువుతో ఉన్న వాళ్ళకు షుగరు, బీపీ వచ్చే ప్రమాదం ఎక్కువ. రెండు కడుపులు పోయిన మనిషి. మనం చూడకపోతే ఎవరు చూస్తారు? మీరు పోగొట్టారు, మీరే తీసుకురండి."

నా వయసులో సగం లేనివాడు ఆ మాట అంటే కోపం వచ్చింది. కోపంలోనే గొడుగు తీసుకుని బయలుదేరాను. దారిలో సగం దూరం పోయాక ఆయన చెప్పింది నిజమేనని ఒప్పుకున్నాను, మనసులో మాత్రమే.

ఇద్దరి తిండి

తిక్కమ్మకు నా మీద ఎంత కోపం ఉన్నా, ఇంటికి వచ్చిన మనిషికి పెట్టకుండా ఉండలేదు. పళ్ళెం నిండా బొరుగుల ఉగ్గాణి, పైన నాలుగు మిరపకాయ బజ్జీలు పెట్టి నా ముందు ఠప్పున దించింది. తినకపోతే అవమానం. తింటే నేను చెప్పబోయే మాటలకు విలువ ఉండదు. తిన్నాను. చాలా బాగుంది.

ఉరుకుందమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు నా పళ్ళేనికి రెండింతల పళ్ళెం.

"ఇంత తినగలవా తల్లీ?" అన్నాను.

"నాకు వద్దంటాండాను సిస్టరమ్మా, మా అత్త ఇనదు."

"ఎందుకు ఇంటాను?" అని తిక్కమ్మ లేచింది. "ఒకరా? ఇద్దరు తినల్ల. ఇంతకు ముందు రెండుసార్లు సరిగ్గా తినకనే పోయినాయి."

"ఆ రెండో మనిషి ఇప్పుడు జానెడు ఉండాడు తిక్కమ్మా. వానికి ఎన్ని బజ్జీలు కావల్ల? పోయిన కడుపులు తిండి సాలక పోలేదు, నీ కోడలి తప్పూ కాదు."

ఈ చివరి మాటకు ఉరుకుందమ్మ తల ఎత్తింది. ఏడేళ్ళలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బజ్జీ ఘాటు అని చెప్పి తుడుచుకున్నాను.

ధైర్యం వచ్చి ఆ పిల్ల వెంటనే రెండో కొసకు పోయింది. "అట్లయితే రేపట్నుంచి టీ, బిస్కెట్లతోనే ఉంటా సిస్టరమ్మా. కాన్పు లోపల ఇరవై కిలోలు తగ్గుతా."

"తగ్గద్దు తల్లీ! ఇది తగ్గే కాలం కాదు. కడుపు మాడిస్తే బిడ్డకు దెబ్బ. పెరగల్ల, గానీ నింపాదిగా పెరగల్ల."

డాక్టరు గారి లెక్క ప్రకారం ఆమెకు మొత్తం కాన్పు వరకు ఐదు నుంచి తొమ్మిది కిలోల లోపు పెరిగితే చాలు. ఆయన నాకు ఒక తిండి పట్టిక కూడా ఇచ్చి పంపాడు. రంగుల బొమ్మలతో ఉంది. ఓట్సు, ఆలివ్ నూనె, బ్రకోలీ. తిక్కమ్మ బ్రకోలీ బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇది మనుసులకా, ఎనుములకా?" అంది. ఎమ్మిగనూరు సంతలో వెతికినా అది దొరకదని నాకూ తెలుసు. పట్టిక మడిచి సంచిలో పెట్టి, ఆ ఇంట్లో ఏముందో అడిగాను. జొన్నలున్నాయి, కందిపప్పుంది, పుంటికూర పెరట్లోనే ఉంది, రెండు కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి, మజ్జిగకు కొదవ లేదు. ఇంక బ్రకోలీ ఎందుకు? పూటకు రెండు జొన్నరొట్టెలు, పప్పు, ఆకుకూర, రోజుకో గుడ్డు, మధ్యలో గుప్పెడు శెనక్కాయలు, పొద్దున్నే కాలువ గట్టు మీద అరగంట నడక. బజ్జీలు వారానికి ఒకసారి.

అసలు చిక్కు చుట్టాలతో వచ్చింది. మా వైపు కడుపుతో ఉన్న అమ్మాయికి చుట్టాలు ఒక్కో ఇంటి నుంచి ఏదో ఒకటి చేసి తెస్తారు. ఓళిగలు, కజ్జికాయలు, నెయ్యి కారే లడ్లు. ఏడేళ్ళ తర్వాత నిలిచిన కడుపు కాబట్టి, తిక్కమ్మ చుట్టాలు ఆస్పరి నుంచి మంత్రాలయం దాకా వంతులు వేసుకున్నారు. తెచ్చినవాళ్ళ ముందు తినకపోతే తగువులు. వద్దంటే ఇంకా పెద్ద తగువులు.

అంతసేపు వాకిలి దగ్గర నిలబడి వింటున్న ఉరుకుందమ్మ భర్త ఈరన్న అప్పుడు నోరు తెరిచాడు. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో కాటా దగ్గర పని. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి.

"ఆయమ్మ ఒక ముక్క కొరుకుతాది. మిగిలింది నేను తింటా సిస్టరమ్మా."

భార్య కోసం ఇంత త్యాగం చేసిన మగవాణ్ణి నా ఉద్యోగంలో నేను మళ్ళీ చూడలేదు. ఆ కాన్పులో హద్దు లేకుండా బరువు పెరిగింది ఈరన్నే.

తిండి కుదిరింది, నడక కుదిరింది. బీపీకి, షుగరు పరీక్షకు, స్కానింగుకు వస్తామన్నారు. ఒక్కటే పట్టుదల. నలుగురిలో మిషను ఎక్కేది లేదు.

"మళ్ళీ ఆ మిషను ఎక్కితే నా బిడ్డ దక్కదు" అంది ఉరుకుందమ్మ. ఏడవలేదు. మామూలుగానే చెప్పింది. అందుకే నేను వాదించలేకపోయాను.

"నేను ఏస్తా కాటా" అన్నాడు ఈరన్న. "ఆదివారం మిల్లుకు సెలవు. ఎవరూ ఉండరు. పెద్ద కాటా ఉండాది. వారం వారం తూకం ఏసి, సోమారం పనికి పోతా పోతా నీకు సెప్పి పోతా."

మిల్లు కాటా అంటే మా మిషను కన్నా నమ్మకమైనది. కాటా వేసేవాడు పదేళ్ళ అనుభవం ఉన్నవాడు. ఎంత మంచి ఉపాయమో అనుకున్నాను. వెంటనే ఒప్పుకున్నాను. కాటా ఎలా వేస్తావు అని ఒక్క మాట అడగలేదు.

ఆదర్శ గర్భిణి

ప్రతి సోమవారం పొద్దున ఈరన్న బండి ఆపి, ఇంజను ఆపకుండానే కిటికీలోంచి అంకె చెప్పేవాడు.

"తొంభై మూడున్నర సిస్టరమ్మా."

రెండు వారాలకు, "తొంభై నాలుగు."

నేను రాసుకునేదాన్ని. ఎనిమిదో నెల వచ్చేసరికి తొంభై ఐదు. షుగరు పరీక్ష బాగుంది. ఎనిమిదో నెల మొదట్లో బీపీ చూస్తే అదీ బాగుంది. ఆ వంద కిలోల లోపు ప్రయాణం చూసి డాక్టరు గారు మురిసిపోయాడు. నేను అంతకన్నా ఎక్కువ మురిసిపోయాను. జొన్నరొట్టె గొప్పతనం గురించి, నా కౌన్సెలింగు గొప్పతనం గురించి, నా గొప్పతనం గురించి వచ్చిన ప్రతి గర్భిణికీ చెప్పాను. పేరు చెప్పకుండానే చెప్పాను గానీ ఊరందరికీ తెలుసు. కొందరు గుట్టుగా ఉరుకుందమ్మ ఇంటికి పోయి ఏం తింటున్నావని అడిగారట. "అన్నీ తింటాండాను" అని ఆమె నిజమే చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

ఒకటి మాత్రం నిజం. ఆ పిల్ల నేను చెప్పినవి చేసింది. పొద్దున్నే కాలువ గట్టు మీద మొగుడూ పెళ్ళాలు నడుస్తుంటే చాలాసార్లు చూశాను. వెనక వచ్చే ఈరన్నకే ఆయాసం వచ్చేది.

తేమ

ఒక సోమవారం ఈరన్న ఆలస్యంగా వచ్చాడు. మిల్లులో లారీ వచ్చి నిలబడిందట. అంకె చెప్పడానికి కూడా తీరిక లేదు. జేబులోంచి చీటీ తీసి, "దీంట్లో ఉండాది సూసుకో సిస్టరమ్మా" అని కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు.

మిల్లు చీటీ అది. కాగితం మీద నాలుగు గీతలు కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

మొత్తం బరువు 103.500. తరుగు: చీర, గాజులు, మెట్టెలు 1.500. బిడ్డ 2.000. తేమ 5.000. నికర బరువు 95.000.

రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుండగా బండి కదిలిన చప్పుడు వినపడింది. "ఈరన్నా!" అని నేను పెట్టిన కేకకు టీ బంకు ఆయన గ్లాసు పడేశాడు. ఆ గొంతు ఆ రోజు ఒక్కసారి పనికి వచ్చింది.

"ఏందప్పా ఇది? తరుగు ఏంది?"

"తరుగు తీయకుండా ఎట్ల సిస్టరమ్మా? మిల్లులో పత్తి తూకం ఏస్తే గోనె సంచి బరువు తీసేస్తాం గదా. సీర, గాజులు ఆయమ్మ బరువు కాదు. బిడ్డ బరువూ ఆయమ్మది కాదు, బిడ్డది. నువ్వు అడిగింది ఆయమ్మ బరువే గదా?"

తప్పు పట్టడానికి లేదు. నేను అడిగింది అదే. ఆ నెలలన్నీ అతను పదిలంగా తరుగు తీసి, నిజాయితీగా నికర బరువు నాకు అప్పజెబుతున్నాడు.

"మరి ఈ తేమ?"

"కాళ్ళకు నీరు వచ్చిండాది. సెప్పులు పట్టడంలే. నీళ్ళు మనిషి బరువు కాదు గదా. పత్తి తడిగా ఉంటే తేమ సూసి తరుగు తీస్తాం, అట్లే."

"పోయిన వారం తేమ ఎంత తీసినావు?"

"ఒక కిలో."

"ఈ వారం ఐదు?"

"ఊ. ఈ వారం బాగా వచ్చిండాది."

"ముఖానికి కూడా వచ్చిందా?"

"ఉబ్బిండాది. కాన్పు కళ వచ్చిందంటాది మా అమ్మ."

"తలనొప్పి?"

"రెండు దినాల నుంచి తలకు గుడ్డ కట్టుకుని పండుకొనుండాది. ఎండకనుకున్యాం."

ఒక వారంలో నాలుగు కిలోలు పెరగడమంటే అది తిండి కాదు. కాళ్ళు, ముఖం ఉబ్బి, తలనొప్పి కూడా ఉందంటే బీపీ ఎక్కడికో పోయిందన్నమాట. ఆలస్యమైతే మూర్ఛ రావచ్చు, తల్లి పోవచ్చు, బిడ్డ పోవచ్చు. ఆ మనిషి బరువులో మేము చూడాల్సింది ఏదైతే ఉందో, సరిగ్గా దాన్నే ఈరన్న తరుగు తీసేశాడు. తీయమని పరోక్షంగా చెప్పింది నేను.

బీపీ మిషను ఒళ్ళో పెట్టుకుని ఈరన్న బండి వెనక ఎక్కాను. చుట్టాల ఓళిగలు తిన్న ఈరన్న ముందు, నేను వెనక. బండి కుయ్యో మొర్రో అంటూ పోయింది. లారీ సంగతి ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఉరుకుందమ్మ తలకు గుడ్డ కట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాను. నూట డెబ్బై బై నూట పది. అంకె నోరు దాటకుండా పళ్ళు బిగించుకుని ఫోను అందుకున్నాను. డాక్టరు గారికి గుసగుసగా చెప్పాను. అంబులెన్సు పంపిస్తున్నానని, తానూ వస్తున్నానని, అప్పటిదాకా ఎడమ వైపు తిప్పి పడుకోబెట్టమన్నాడు.

తిక్కమ్మ వాకిలికి అడ్డం నిలబడింది. "ఈ పొద్దు అమాస. గడప దాటేది లేదు. రేపు తీసకపోండి."

నేను మాట్లాడబోయేలోగా లోపల నుంచి ఉరుకుందమ్మ గొంతు వినపడింది.

"సిస్టరమ్మా, ఎంతుండాదో ఆ అంకె గట్టిగా సెప్పు. ఆ పొద్దు సెప్పినట్ల సెప్పు. మా అత్తకు ఇనపడల్ల."

చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆ అంకె అంటే ఏమిటో, రేపటిదాకా ఆగితే ఏమవుతుందో కూడా అంతే గట్టిగా చెప్పాను. తిక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉరుకుందమ్మ లేచి, గోడ పట్టుకుని, అత్త పక్క నుంచి తనే గడప దాటింది. వెనకాలే తిక్కమ్మ కోడలి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది.

అంబులెన్సులో పోతుంటే డాక్టరు గారు దారిలోనే ఎదురై ఇంజెక్షన్ చేశాడు. ఆదోనిలో చూసి కర్నూలు పెద్దాసుపత్రికి పంపారు. నేనూ ఎక్కాను. దారి పొడవునా తిక్కమ్మ నన్ను తిడుతూనే ఉంది. నా నోరు, నా కన్ను, నా మిషను, ఏదీ వదల్లేదు. కోడుమూరు దాటాక తిట్టడం ఆపి నా చెయ్యి పట్టుకుంది. కర్నూలు వచ్చేదాకా వదల్లేదు. నాకు భయంగా ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత భయపడింది లేదు. మొదటి రోజు ఆ అరుపు అరవకపోతే ఈ పిల్ల మా మిషను మీదే బరువు చూసుకునేది, కాళ్ళకు నీరు మొదలైన పోయిన సోమవారమే మాకు తెలిసేది అన్న మాట మనసులో తిరుగుతూనే ఉంది.

మర్నాడు ఆపరేషను చేశారు. ఆడపిల్ల. రెండు కిలోల నూట యాభై గ్రాములు. నెల తక్కువ పుట్టినా గట్టిగా ఏడ్చింది. తల్లి మూడు రోజులు కళ్ళు సరిగ్గా తెరవలేదు, నాలుగో రోజు మజ్జిగ అడిగింది. ఈరన్న బిడ్డ బరువు విని నా వైపు చూశాడు. "నూట యాభై గ్రాములే తేడా సిస్టరమ్మా. నేను రెండు అనేసుకున్యా" అన్నాడు. ఆసుపత్రి వరండా అని చూడకుండా నవ్వాను. ఏడ్చాను కూడా.

కొత్తగా వచ్చే అమ్మాయిలకు

తిరిగి వచ్చాక చేసిన మొదటి పని, ఇంటి నుంచి పాత చీర తెచ్చి మిషను చుట్టూ తెర కట్టడం. రెండో పని, రిజిస్టరు బల్లను మిషను పక్కకు జరపడం. పది అడుగులు. ముప్పై ఏళ్ళుగా నేను అరవడమే గానీ ఆ బల్లను జరపొచ్చని నాకు తోచలేదు. డాక్టరు గారు బల్లకు ఒకవైపు పట్టుకుంటూ, "ఇది నాకు కూడా తోచలేదు సిస్టర్ గారూ" అన్నాడు. మంచి బాసు అంటే నా దృష్టిలో అదే. తిట్టాల్సిన రోజు తిట్టాడు, మోయాల్సిన రోజు మోశాడు.

తర్వాత నుంచి మా దగ్గర ఎవరి బరువు వాళ్ళే చూసుకుని వాళ్ళ కార్డులో వాళ్ళే రాసుకునేవాళ్ళు. రాయడం రానివాళ్ళ చెవిలో చెప్పేదాన్ని. మీరూ అలాగే చేయండి. లావుగా ఉన్న అమ్మాయి వస్తే ముందు ఆమె ఇంట్లో ఏం వండుతారో అడగండి, పట్టిక తర్వాత తీయండి. తగ్గమని చెప్పకండి, పస్తు ఉండనివ్వకండి. నడిపించండి. అత్తను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి, లేకపోతే మీరు చెప్పింది ఇంటి గడప దాటదు. ఎవరైనా అంకె తెచ్చి ఇస్తే అది బాగున్నంత మాత్రాన మురిసిపోకండి, అది ఎలా వచ్చిందో అడగండి. మనకు నచ్చిన అంకె వచ్చిందంటే ఇంకాస్త గట్టిగా అడగండి. ఉన్నట్టుండి బరువు పెరిగినా, ముఖం చేతులు ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా ఆ రోజే ఆసుపత్రికి పంపండి. అమావాస్య అయినా సరే.

నెలన్నర టీకా రోజు ఈరన్న కుటుంబం మొత్తం వచ్చింది. మధ్యాహ్నం దాకా రద్దీ. ఉరుకుందమ్మ తెర పక్కకు లాగి, అందరూ చూస్తుండగా మిషను ఎక్కి, అంకె చూసుకుని, కార్డులో రాసుకుని దిగింది. ఎవరూ ఏమీ అనలేదు. అననివ్వకుండా తిక్కమ్మ పక్కనే నిలబడి ఉంది.

బిడ్డను మా చిన్న తూకం మీద పడుకోబెట్టబోతుంటే ఈరన్న జేబులో చెయ్యి పెట్టాడు. మిల్లు చీటీ. మిల్లులో నమూనాలు తూచే చిన్న కాటా మీద నిన్ననే తూచాడట. చీటీ లాక్కున్నాను. విప్పి చదివాను.

మొత్తం బరువు 3.900. తరుగు అన్న చోట ఏమీ రాయకుండా అడ్డంగా ఒక గీత. నికర బరువు 3.900.

మా తూకం మీద పెట్టి చూస్తే వంద గ్రాములు తక్కువ వచ్చింది. ఈరన్న వైపు చూశాను. అతను నా దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా చెప్పాడు.

"గుడ్డ తడిపిండాది సిస్టరమ్మా. అయినా తేమ తీయలే."